ఏజెన్సీలో డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నాం, ముందు ఎవరివి చూడాలి?

గట్టుమీద_గోపి
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ దసరా సెలవుల్లో ఏజెన్సీ వైపు వెళ్ళి ఒక డాక్యుమెంటరీ తీద్దామని ప్లాన్. పోలవరం ముంపు అని దేవీపట్నం మండలంలో ఖాళీ చేయించి కాలనీల్లో పెట్టారు కదా, ఆ కొండరెడ్ల, కోయల ఊళ్ళ మీద. నాలుగు రోజుల షూట్. కెమెరా అద్దెకి మాట్లాడేశాం, డ్రోన్ ఫ్రెండ్‌ది ఉంది. స్క్రిప్ట్ దాదాపు అయిపోయింది, వాయిస్ ఓవర్ కూడా రాసేశాను. ఆదివాసీల మీద బాగా తీసినవి ఏమైనా ఉంటే చెప్పండి, స్టైల్ కోసం ఒకసారి చూసుకుంటాం.

పాప్‌కార్న్_పంతులు
ఊరు చూడకుండానే వాయిస్ ఓవర్ రాసేశావా తమ్ముడూ, పెళ్ళిచూపులకి ముందే శుభలేఖలు అచ్చేయించినట్టుంది. సర్లే, డ్రోన్ షాట్ మాత్రం పొద్దున్నే మంచులో తియ్యి, లైకులు గ్యారంటీ.

లావల్_లక్ష్మణ్
గోపి గారూ, ఆదివాసీల మీద తీసినవి అడిగారు, నేను ఆదివాసీ తీసినవి చెప్తాను. అలానిస్ ఒబాంసావిన్ అని కెనడాలో పెద్దావిడ. యాభైకి పైగా సినిమాలు తీసింది, తొంభై దాటాక కూడా తీసింది. నేను మాంట్రియల్ పక్కన ఉంటా కాబట్టి ఇక్కడ పేరు వింటూ ఉండేవాణ్ణి గానీ లాక్‌డౌన్‌లో గానీ కూర్చుని చూడలేదు. చాలావరకు నేషనల్ ఫిల్మ్ బోర్డు వాళ్ళ సైట్‌లో ఫ్రీగానే ఉన్నాయి.

ఆవిడది అబెనాకి అనే జాతి. 1932లో అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో పుట్టింది, ఆరునెలల పిల్లప్పుడే కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ రాష్ట్రంలోని ఒడనాక్ అనే వాళ్ళ రిజర్వుకి, అంటే ఆదివాసీలకి ప్రభుత్వం కేటాయించిన చోటుకి, తీసుకొచ్చేశారు. అక్కడ తొమ్మిదేళ్ళ వరకు పెరిగింది, వాళ్ళమ్మ తరఫు చుట్టం ఒకాయన దగ్గర కూర్చుని జాతి కథలూ పాటలూ నేర్చుకుంది. తర్వాత ట్ర్వా రివియేర్ అనే టౌనుకి మారితే అక్కడ వీళ్ళది ఒక్కటే ఆదివాసీ ఇల్లు. బళ్ళో కొట్టేవాళ్ళు, చరిత్ర పాఠంలో వీళ్ళ తాతల్ని మనుషుల్ని చంపే అడవి జాతి అని చెప్పేవాళ్ళు, ఆ పాఠం అయిన రోజు బయటికొస్తే ఇంకో నాలుగు దెబ్బలు. పన్నెండేళ్ళకి తండ్రి క్షయతో పోయాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఆవిడ సినిమాల్లోకి సినిమా పిచ్చితో రాలేదు. బళ్ళో పిల్లలకి ఇంకో కథ వినిపించాలి అన్న పట్టుదలతో వచ్చింది, ఆ మాట ఇప్పటికీ అంటుంది.

మొదట పాటలు పాడేది. 1960లో న్యూయార్క్ టౌన్ హాల్‌లో మొదటి పెద్ద కచేరీ. ఆ తర్వాత బళ్ళ వెంట తిరిగి పిల్లలకి పాటలూ కథలూ చెప్పేది. ఇక్కడ ఒక ముచ్చట ఉంది. ఒడనాక్ పిల్లలు ఈతకొట్టే నది పాడైపోయింది, పక్క ఊళ్ళో ఈతకొలను ఉంది గానీ ఆదివాసీ పిల్లల్ని రానివ్వరు. ఈవిడ కచేరీలు చేసి డబ్బు పోగేసి ఊరికి సొంత కొలను కట్టించింది. దాని మీద సీబీసీ టీవీ 1966లో ఒక ప్రోగ్రాం వేస్తే అది చూసి ఫిల్మ్ బోర్డు నిర్మాతలు సలహాదారుగా రమ్మని పిలిచారు. సలహా ఇవ్వడానికి వెళ్ళినావిడ అక్కడే యాభై ఏళ్ళు పైన ఉండిపోయింది.

గట్టుమీద_గోపి
థాంక్స్ అన్నా. యాభై సినిమాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఒకటి రెండు చెప్పు.

ఎడిటింగ్_టేబుల్_ఉష
నేను చెప్తా. హైదరాబాద్‌లో ఎడిటర్‌ని, పదకొండేళ్ళ నుంచి ఇదే పని. మొట్టమొదటిది చూడు గోపీ, 1971ది, క్రిస్మస్ ఎట్ మూస్ ఫ్యాక్టరీ, 13 నిమిషాలే. మూస్ ఫ్యాక్టరీ అంటే ఫ్యాక్టరీ కాదు, ఉత్తర ఒంటారియోలో జేమ్స్ బే దగ్గర ఒక ఊరి పేరు. అక్కడ రెసిడెన్షియల్ స్కూల్ ఉండేది, అంటే ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకొచ్చి ఉంచే బడి. ఈవిడ అక్కడికి వెళ్ళి పిల్లలతో బొమ్మలు వేయించింది, మైనపు రంగు పెన్సిళ్ళతో. సినిమా అంతా ఆ బొమ్మలే. బొమ్మ మీద కెమెరా మెల్లిగా జరుగుతూ ఉంటుంది, వెనక పిల్లల గొంతులు, ఇది మా ఇల్లు, ఇదిగో కుక్క, ఇదిగో మా తాత అని. అంతే. పెద్దవాళ్ళు ఎవరూ వచ్చి ఈ పిల్లలు పాపం అని చెప్పరు.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఏమీ జరగలేదే అనిపించింది, నిజం చెప్తున్నా. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశా. ఆ పిల్లలు మధ్యలో ఊపిరి తీసుకునే చోటు కూడా కత్తిరించలేదు. నాకైతే ఎడిటింగ్‌లో అదే పాఠం, ఎక్కడ కత్తెర వెయ్యకూడదో తెలియడం.

ఇంకోటి. ఆవిడ పని చేసే పద్ధతి ఏంటంటే మొదట కెమెరా తీసుకెళ్ళదు. క్రూ కూడా ఉండరు. సౌండ్ రికార్డర్ ఒకటి పట్టుకుని ఒక్కతే వెళ్ళి కూర్చుంటుంది. గంటలు గంటలు వింటుంది. ఆ గొంతులే సినిమాకి వెన్నెముక, తర్వాతే బొమ్మ. మనం ఇక్కడ రివర్స్ కదా, ముందు బొమ్మ, తర్వాత మ్యూజిక్, చివర్లో ఆ మనిషి మాట కోసం పది సెకన్లు జాగా వెతుకుతాం. రెండేళ్ళ కిందట నా టేబుల్ మీదికి ఒక ప్రాజెక్ట్ వచ్చింది, ఎవరిదో చెప్పను. గిరిజన ముసలమ్మ నలభై నిమిషాలు మాట్లాడింది, ఆమె భాషలో. క్లయింట్ ఏమన్నాడంటే మేడమ్ ఆమె నవ్విన ముక్క ఒక్కటి పెట్టండి కింద ఫ్లూట్ వేద్దాం అన్నాడు. ఆమె ఏం చెప్పిందో మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు, అనువాదం చేయించమంటే బడ్జెట్ లేదన్నారు. పన్నెండు సెకన్లు వాడాం. ఆ మిగతా ఫుటేజ్ హార్డ్ డిస్క్‌లో ఇంకా ఉంది, అప్పుడప్పుడు గుర్తొచ్చి అదోలా ఉంటుంది.

కొండదారి
నేను ఈ ఫోరంలో ఎక్కువ రాయను, చదువుతా అంతే. ఉష గారి పోస్టు చూసి రాస్తున్నా. మాది పాడేరు దగ్గర, మేము ఆదివాసులమే, నేను టీచర్‌గా చేస్తున్నా.

మా ఊరికి నా చిన్నప్పటి నుంచి ఇప్పటికి ఆరేడు కెమెరాలు వచ్చాయి. ఒకసారి వచ్చినవాళ్ళు మిట్టమధ్యాహ్నం ధింసా ఆడమన్నారు. పండగ కాదు పబ్బం కాదు, పొలంలో పని నడుస్తోంది. మా మామ్మ వయసు వాళ్ళని నైలాన్ చీరలు విప్పి పాత చీరలు మోకాళ్ళ పైకి కట్టుకోమన్నారు, పాతవి లేకపోతే వాళ్ళే సంచీలో తెచ్చారు. మనిషికి ఇంతని ఇచ్చారు, అబద్ధం ఎందుకు, డబ్బు తీసుకున్నాం. మా మామ్మ ఒకటే అంది, డోలు దేవుడికి తెలీకుండా మోగిందిరా ఇవాళ అని. ఆ సినిమా ఎక్కడ వేశారో, ఏం చెప్పారో మాకు తెలీదు. ఒక్క ఫోటో కూడా పంపలేదు.

గోపి గారు కోపం తెచ్చుకోకండి, మీరు అలాంటివారని అనట్లేదు. వాయిస్ ఓవర్ రాసేశాను అన్నారే, అక్కడ గుచ్చుకుంది.

గట్టుమీద_గోపి
కోపం ఏం లేదు సార్. సిగ్గుగా ఉంది అంతే. చదువుతున్నా అన్నీ.

రెండోవైపు
నాదొక డౌట్. అందరూ పొగుడుతున్నారు కాబట్టి. సొంత జాతి వాళ్ళ మీద సొంత మనిషి తీస్తే అది డాక్యుమెంటరీ ఎలా అవుతుంది, ప్రచారం అవుతుంది కదా? రెండో పక్షం మాట ఉండాలిగా. పైగా ఫిల్మ్ బోర్డు అంటే అక్కడి ప్రభుత్వ సంస్థ. ప్రభుత్వం జీతం తీసుకుని ప్రభుత్వాన్ని తిట్టడం, ఇదేదో రెండు చేతులా సంపాదన లాగా ఉంది.

లావల్_లక్ష్మణ్
మంచి ప్రశ్నే. దీనికి రెస్టిగూష్ సినిమా గురించి చెప్పాలి, కొంచెం పెద్దదవుతుంది, టీ పెట్టుకోండి.

1981 జూన్‌లో క్యుబెక్ పోలీసులు వందలమంది రెస్టిగూష్ అనే మిక్మాక్ ఆదివాసీ రిజర్వు మీద పడ్డారు. 11న ఒకసారి, 20న ఇంకోసారి. కారణం సాల్మన్ చేప. నదిలో వలలు తీసెయ్యమని ప్రభుత్వం, తాతల కాలం నుంచి ఇదే మా తిండి తియ్యం అని వీళ్ళు. హెలికాప్టర్లు, పడవలు, లాఠీలు. వలలు కోసేసి పట్టుకెళ్ళారు, మనుషుల్ని కొట్టి అరెస్ట్ చేశారు. చేపల కోసం ఇంత సైన్యమా అని మనకి అనిపిస్తుంది.

ఈవిడ సినిమా తీస్తానంటే బోర్డులో పైవాళ్ళు సరే గానీ ఆదివాసీలనే ఇంటర్వ్యూ చెయ్యి తెల్లవాళ్ళని వద్దు అన్నారట. చూశారా, మీరు అడిగిన రెండో పక్షాన్ని వద్దన్నది ఆవిడ కాదు, సంస్థ. ఆవిడ వినలేదు. నేరుగా దాడికి ఆర్డరిచ్చిన మత్స్యశాఖ మంత్రి లుసియెన్ లెసార్ దగ్గరికే వెళ్ళి కెమెరా ముందు కూర్చోబెట్టింది. ఆయన అంతకుముందు ఆదివాసీ పెద్దలతో, సార్వభౌమత్వం అడగాలంటే మీకు సొంత సంస్కృతి, భాష, నేల ఉండాలి కదా అన్నట్టు మాట్లాడాడు. ఆ మాట ఎత్తి నిలదీస్తుంది. ఆవిడకి కోపం వస్తుంది, ఆ కోపం అలాగే ఉంచేసింది, కత్తిరించలేదు. ఇందులో తమాషా ఏంటంటే ఆ మంత్రిగారి పార్టీ ముందటేడే 1980లో, మాకు వేరే భాష ఉంది సంస్కృతి ఉంది కెనడా నుంచి మాకు సార్వభౌమత్వం కావాలి అని రెఫరెండం పెట్టి ఓడిపోయింది. తెలుగువాళ్ళకి ఇది ఇంకా వివరించక్కర్లేదు, మనకి ఉద్యమాలు కొత్తా.

కాబట్టి రెండోవైపు గారూ, ఆవిడ తటస్థంగా ఉన్నానని ఎప్పుడూ అనలేదు. ఎవరి పక్కన నిలబడిందో దాచుకోదు. కానీ అవతలి మనిషిని మాట్లాడనిస్తుంది, మాట్లాడాక తన మాట తను చెప్తుంది. గుడ్లగూబ గొంతుతో ఎక్కడో పైనుంచి వాయిస్ ఓవర్ ఇచ్చేవాళ్ళు తటస్థులని ఎవరన్నారు?

ప్రభుత్వ డబ్బు సంగతి. అది నిజమే, 1939లో ప్రభుత్వం పెట్టిన సంస్థే అది. 1967 నుంచి అందులో చాలెంజ్ ఫర్ చేంజ్ అని ఒక కార్యక్రమం నడిచింది, పేదవాళ్ళ ఊళ్ళకెళ్ళి సినిమాలు తీసి ముందు ఆ ఊరివాళ్ళకే చూపించి, వాళ్ళు వద్దన్నది తీసేసి, ఆ తర్వాత అధికారులకి చూపించేవాళ్ళు. ఫోగో అనే దీవిలో మొదలైంది. అందులోనే ఆదివాసీ కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి ఒక క్రూ తయారుచేశారు. ఈవిడ ఒంటరిగా ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఆ గాలి ఉంది అప్పట్లో. కాకపోతే ఆ కార్యక్రమం 1980 నాటికి ఆగిపోయింది, ఈవిడ ఆగలేదు.

రెండోవైపు
మంత్రిని కూర్చోబెట్టిందా. సరే అది చూస్తా. నా ప్రశ్న ఇంకా వెనక్కి తీసుకోలేదు.

జహీరాబాద్_జొన్నరొట్టె
గీ ముచ్చట చదువుతుంటే మా దిక్కు ఆడోళ్ళు యాదికొస్తున్నరు. కెనడా దాకా ఎందుకు, జహీరాబాద్ కాడ పస్తాపూర్‌ల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉన్నది, సంఘం ఆడోళ్ళు, ఎక్కువ మంది దళిత ఆడోళ్ళు, బడి మొకం చూడనోళ్ళు, కెమెరాలు నేర్చుకుని సొంతంగ సిన్మాలు తీసిండ్రు. విత్తనాలు, జొన్న, సామ, వాళ్ళ పంటల మీద. వరంగల్ల బీటీ పత్తి ఏసి మునిగిన రైతుల మీద 2003ల ఒకటి తీసిండ్రు. 2008ల మాచనూర్‌ల సంఘం రేడియో కూడ పెట్టిండ్రు.

గాళ్ళు షాట్లకు పెట్టుకున్న పేర్లు ఇంటే మీరు నవ్వుతరు, నవ్వి ఊకుంటరు కూడ. పైనకెళ్ళి కిందికి మనిషిని చూసేది పటేల్ షాట్. ఎందుకంటే పటేల్ గద్దె మీద కూసోని గట్లనే చూస్తుండె. ఎదురుంగ సమానంగ కండ్లల్ల కండ్లు పెట్టి చూసేది సంఘం షాట్, సంఘంల అందరు చాప మీద గుండ్రంగ కూసుంటరు కదా. గోపి తమ్మీ, నీ డ్రోన్ ఏ షాటో నువ్వే ఆలోచించుకో.

పాప్‌కార్న్_పంతులు
డ్రోన్ అంటే పటేల్ గారు మేడెక్కి చూసినట్టు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను యువరానర్.

ఎడిటింగ్_టేబుల్_ఉష
సంఘం షాట్!! ఇన్నేళ్ళు ఐ లెవెల్ ఐ లెవెల్ అంటూ బతికాను. రేపు ఆఫీసులో ఇదే వాడతా.

లావల్_లక్ష్మణ్
జొన్నరొట్టె అన్నా అదిరింది. నిన్న ఆగిపోయాను, ఓకా గురించి చెప్పకపోతే ఈ చర్చ సగమే.

నేను వారానికి రెండుసార్లు మెర్సియే బ్రిడ్జి మీదుగా వెళ్తాను. దిగగానే కానవాకే, మోహాక్ అనే ఆదివాసీ జాతి వాళ్ళ రిజర్వు. కొత్తలో నాకు అది ట్రాఫిక్ జామ్ అయ్యే బ్రిడ్జి, అంతే. 1990 వేసవిలో అక్కడికి కొంత దూరంలో ఓకా అనే టౌన్ వాళ్ళు తొమ్మిది హోల్స్ గోల్ఫ్ కోర్సుని పద్దెనిమిది హోల్స్ చేద్దామని కానెసటాకే మోహాక్ వాళ్ళ పైన్ తోపు మీద కన్నేశారు. ఆ తోపు పక్కనే వాళ్ళ శ్మశానం. వాళ్ళు దారికి అడ్డం కట్టారు. జూలై 11 పొద్దున పోలీసులు దాడి చేశారు, కాల్పుల్లో ఒక పోలీసు చనిపోయాడు. కానవాకే వాళ్ళు మద్దతుగా మెర్సియే బ్రిడ్జి మూసేశారు. తర్వాత ఏకంగా కెనడా ఆర్మీ దిగింది. 78 రోజులు, సెప్టెంబర్ 26 దాకా.

ఈవిడకి అప్పటికి 58 నిండబోతున్నాయి. వెంటనే అక్కడికి వెళ్ళి ఆ వేసవంతా అక్కడే ఉంది. ముళ్ళతీగ లోపలి వైపు. ఈ ముక్క గమనించండి, మిగతా టీవీలు చాలావరకు ముళ్ళతీగ బయట ఆర్మీ వెనక నిలబడి లోపలికి జూమ్ చేస్తున్నాయి, ఈవిడ కెమెరా లోపలి నుంచి సైనికుల వైపు చూస్తోంది. ఎక్కడ నిలబడ్డావన్నదే సినిమా. 1993లో వచ్చింది, కానెసటాకే: 270 ఇయర్స్ ఆఫ్ రెసిస్టెన్స్, రెండు గంటలు. ఆ ఏడు టొరంటో ఫెస్టివల్‌లో ఉత్తమ కెనడియన్ చిత్రం. 270 ఏళ్ళు ఎందుకంటే సినిమా మధ్యలో తుపాకులు ఆపేసి, ఆ నేల ఫ్రెంచ్ రాజు పాదరీలకి రాసిచ్చేసిన కాలానికి వెనక్కి తీసుకెళ్ళి అక్కడి నుంచి చెప్పుకొస్తుంది. వార్తల్లో అది గోల్ఫ్ గొడవ. వాళ్ళకి అది 270 ఏళ్ళ పాత కేసు.

అక్కడితో వదల్లేదు. ఆ ఒక్క వేసవి మీద ఇంకో మూడు తీసింది, 1995, 1997, 2000లో. చివరిదాంట్లో, కానవాకే నుంచి ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ భయంతో ఊరు వదిలి 75 కార్లలో వస్తుంటే ఈ బ్రిడ్జి దిగే చోట జనం గుంపుగా నిలబడి రాళ్ళు వేస్తారు. పోలీసులు చూస్తూ ఉంటారు. ఆ కార్లలో ఉన్నవాళ్ళు పదేళ్ళ తర్వాత కూర్చుని చెప్తారు, పిల్లల్ని కాళ్ళ దగ్గర పడుకోబెట్టామని. అది చూసిన మర్నాడు నేను అదే దారిలో ఆఫీసుకి వెళ్ళాను, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అటూ ఇటూ చూశాను. ఏమీ ఉండదు అక్కడ, మామూలు రోడ్డు.

కొండదారి
1995ది చూశాను నిన్న రాత్రి, నెట్ ఆగి ఆగి వచ్చింది. మై నేమ్ ఈజ్ కహెంటియోస్టా. అరగంటదే. ఓకాలో అరెస్ట్ అయిన మోహాక్ అమ్మాయి. కోర్టులో నీ పేరేంటంటే కహెంటియోస్టా అంటుంది. కాదు, అసలు పేరు చెప్పు, అంటే ఇంగ్లీషు పేరో ఫ్రెంచి పేరో. ఇదే నా పేరు అంటుంది. అందుకని మిగతా ఆడవాళ్ళ కంటే నాలుగు రోజులు ఎక్కువ లోపల పెట్టారు.

ఇది చూసి చాలాసేపు పడుకోలేదు. నాకు ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. ఒకటో తరగతిలో చేర్పించినప్పుడు మా నాన్న చెప్పిన పేరు మాస్టారుకి నోరు తిరగలేదో, బాలేదనిపించిందో, ఆయనకి నచ్చింది రాసేశాడు. మా నాన్నకి చదువు రాదు, ఏం రాశారో నాకు ఐదో క్లాసు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఆధార్, బ్యాంకు, జీతం అన్నీ ఆ మాస్టారు పెట్టిన పేరు మీదే. మా క్లాసులో సగం మందికి ఇంతే. నేను టీచరయ్యాక మాత్రం అడ్మిషన్ రోజు తల్లిదండ్రుల్ని పేరు రెండుసార్లు పలకమంటాను, రాసి, చదివి వినిపిస్తాను. ఆమె నాలుగు రోజులు జైల్లో కూర్చుంది పేరు కోసం, నేను ఈ మాత్రం చెయ్యలేనా అని కాదు, అంతకు ముందు నుంచే చేస్తున్నా. కానీ ఎందుకు చేస్తున్నానో ఇప్పుడు తెలిసింది.

జహీరాబాద్_జొన్నరొట్టె
సార్ దండాలు. ఇంకేం రాయాల్నో తెల్వదు.

రెండోవైపు
రెస్టిగూష్ చూశాను. ఒప్పుకుంటున్నా, మంత్రి సీన్ దగ్గర లేచి కూర్చున్నా. కానీ అన్నీ అలా లేవు. 2016ది ఒకటి మొదలుపెట్టా, వి కాంట్ మేక్ ద సేమ్ మిస్టేక్ ట్వైస్, 163 నిమిషాలు, సగం పైన ట్రైబ్యునల్ వాదనలే. లాయర్లు కాగితాలు తిప్పుతూ ఉంటారు. ఎవరు చూస్తారండీ ఇది?

ఎడిటింగ్_టేబుల్_ఉష
అది నిజం, నేను కూడా దాన్ని మూడు ముక్కలుగా చూశా. ఎడిటర్‌గా చేతులు దురద పెట్టాయి. అయితే ఒకటి చెప్తా, అది థియేటర్ కోసం తీసింది కాదు. ఆదివాసీ పిల్లల సంక్షేమానికి కెనడా ప్రభుత్వం మిగతా పిల్లల కంటే తక్కువ డబ్బు ఇస్తోందని సిండీ బ్లాక్‌స్టాక్ అనే ఆవిడ 2007లో కేసు వేసి తొమ్మిదేళ్ళు పోరాడింది. 2016 జనవరిలో ట్రైబ్యునల్ అవును ఇది వివక్షే అని తీర్పిచ్చింది. ఆ వాదనలు ఆ జాతులవాళ్ళకి ఆస్తి పత్రాల్లాంటివి. మనకి బోరు కొట్టచ్చు. ఇంట్లో పాత దస్తావేజు పక్కింటివాడికి బోరే కదా.

దాని తర్వాత 2019ది చూడు, జోర్డన్ రివర్ ఆండర్సన్ మీద. ఇది చిన్నది, ఎవరైనా చూడగలరు. నార్వే హౌస్ క్రీ జాతి పిల్లాడు, 1999లో జబ్బుతో పుట్టాడు. ఇంటికి పంపొచ్చు అని డాక్టర్లు అన్నాక కూడా ఇంట్లో వైద్యం ఖర్చు ఎవరు పెట్టాలి, ఫెడరల్ వాళ్ళా, రాష్ట్రం వాళ్ళా అని రెండు ప్రభుత్వాలు రెండేళ్ళు పైన కొట్టుకున్నాయి. ఈలోగా ఐదేళ్ళ పిల్లాడు 2005లో ఆస్పత్రిలోనే పోయాడు, ఒక్కరోజు ఇంట్లో పడుకోకుండా. ఆ పిల్లాడి పేరు మీదే జోర్డన్ ప్రిన్సిపుల్ అని వచ్చింది, ముందు పిల్లాడికి వైద్యం చెయ్యండి, బిల్లు ఎవరిదో తర్వాత తేల్చుకోండి అని. ఫైలు ఆ శాఖది కాదు ఈ శాఖది అనే మాట వినని ఇల్లు మన దగ్గర ఉందా?

1986లో తీసిన రిచర్డ్ కార్డినల్ దానికి ముందుమెట్టు. 14 ఏళ్ళలో 28 చోట్లకి మార్చిన మెటీ (ఆదివాసీ, యూరప్ మూలాలు కలిసిన జాతి) పిల్లాడు, 17 ఏళ్ళకి ప్రాణం తీసుకున్నాడు. వాడి డైరీ చదువుతూ సాగుతుంది సినిమా. అది రాత్రిపూట ఒంటరిగా చూడొద్దు, ముందే చెప్తున్నా. కాకపోతే ఆ కేసు వల్లా ఆ సినిమా వల్లా అక్కడి అల్బెర్టా రాష్ట్రంలో పిల్లల సంక్షేమ పద్ధతులు కొంతైనా మారాయి.

లావల్_లక్ష్మణ్
ఒక చిన్న సంగతి చెప్పి ఊరుకుంటా. సినిమాల మధ్యలోనే ఆవిడ బళ్ళ కోసం పాఠాల కిట్లు చేసింది, 1970ల్లో. మనవాన్ అని ఒకటి, లిలువాట్ అని ఒకటి. పెట్టెలో రికార్డులు, ఫిల్ముపట్టీలు, ఆ జాతివాళ్ళే వాళ్ళ భాషలో మాట్లాడినవి. అవార్డులు వాటికి రావు. కానీ కొండదారి గారు చూస్తే బాగుండు అనిపించింది, మీరు టీచర్ కదా.

గట్టుమీద_గోపి
అందరికీ మళ్ళీ నమస్తే. మూడు వారాలైంది. ఇక్కడ రాసింది చదివాక కెమెరా బుకింగ్ క్యాన్సిల్ చేశాను, అడ్వాన్స్ వెయ్యి రూపాయలు పోయింది. ఒక ఫ్రెండ్ అలిగాడు. నేనూ ఇంకొకడూ బస్సులో వెళ్ళాం, ఫోన్‌లో ఆడియో రికార్డర్ ఒక్కటే. అదీ మొదటి రోజు తియ్యలేదు.

కాలనీలో ఒక పెద్దావిడ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. సిమెంట్ ఇల్లు, రేకు మీద ఎండ, లోపల ఉండలేం అని అందరూ మధ్యాహ్నం పూట బయట వేపచెట్టు కింద ఉంటున్నారు, ఆ చెట్టు కూడా మొక్కే ఇంకా. నేను నా స్క్రిప్ట్‌లో గోదారి, జ్ఞాపకాలు, కన్నీళ్ళు అని ఏదేదో రాసుకున్నా. ఆవిడ మొదటి గంట మాట్లాడింది చీపుళ్ళ గురించి. కొండచీపుళ్ళు. పాత ఊళ్ళో ఏ కొండ మీద ఏ నెలలో కొయ్యాలి, ఎలా ఎండబెట్టాలి, సంతలో కట్ట ఎంతకి పోయేది. ఇప్పుడు చీపురు కొనుక్కుంటున్నాను బాబూ అంది. అదీ కూడా గంట తర్వాత, మామూలుగా, టీ గ్లాసు కడుగుతూ.

రెండో రోజు రికార్డ్ చెయ్యొచ్చా అని అడిగితే ఎందుకు అంది. చెప్పడానికి ప్రయత్నించా, సరిగ్గా చెప్పలేకపోయా. మళ్ళీ వచ్చినప్పుడు చెప్పు అంది. కార్తీకంలో మళ్ళీ వెళ్తున్నాం.

కొండదారి సార్, మీరు వస్తానంటే బస్సు ఖర్చు మాది.

కొండదారి
బస్సు ఖర్చు నాకు ఉంది గోపి గారూ. డేట్ చెప్పండి, సెలవు పెట్టాలి. వాళ్ళ భాష నాకు అంతగా రాదు, మాది వేరు, అక్కడ ఇంకొకర్ని చూసుకోవాలి. ఉష గారూ, ఆ హార్డ్ డిస్క్‌లో ముసలమ్మ ఏ ఊరామె? ఆ నలభై నిమిషాలు ఒకసారి పంపుతారా, మా వైపు మాట అయితే నేను విని రాసిస్తా.

ఎడిటింగ్_టేబుల్_ఉష
సార్, ఇవాళే ఆ డిస్క్ వెతుకుతా. ఫుటేజ్ క్లయింట్‌ది కాబట్టి ఆయన్ని అడగాలి ముందు. అడుగుతా. ఆమె ఊరి పేరు ఫైల్ మీద లేదు, ట్రైబల్ లేడీ 3 అని ఉంది.